వేగం పెంచకుండా పాటకి ఊపు తేవడం ఎలా?

ట్యూన్ బాగుంది, మాటలు కుదిరాయి, కీబోర్డు మీద కార్డ్స్ కూడా దొరికాయి. అయినా ఫ్రెండ్స్‌కి వినిపిస్తే "బాగుందిరా" అని ఫోన్ తిరిగిచ్చేస్తారు, ఒక్కడి కాలూ కదలదు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని టెంపో పెంచడం. నిమిషానికి 90 దెబ్బల్లో ఉన్నదాన్ని 110కి లాగుతారు. పాట పరిగెడుతుంది, పాడేవాళ్ళకి ఆయాసం వస్తుంది, మాటలు నలిగిపోతాయి, ఊపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఊపు రావాలంటే పాటలో ఒకటి అస్సలు కదలకుండా నిలబడాలి, ఇంకొకటి దాని మీద ఆడుకోవాలి. ఆ నిలబడేది వినేవాళ్ళ ఒంట్లో నాటుకున్నాకే, ఆడుకునేది ఎక్కడ పక్కకి తప్పుకుందో, ఎక్కడ తిరిగొచ్చి కలిసిందో వాళ్ళకి తెలుస్తుంది. మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు దగ్గర్నుంచి చూసినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గుండెల మీద తప్పెట, కాళ్ళకి గజ్జెలు. మన చూపంతా చేతుల మీదే ఉంటుంది, ఎందుకంటే జోరంతా అక్కడే కనబడుతుంది, కానీ కింద గజ్జెలు ఒక్క లెక్కలో పడుతూ ఉంటాయి కాబట్టే పైన చేతులు చేసే అల్లరి అల్లరిలా వినబడుతుంది. గజ్జెలు ఆగిపోతే మిగిలేది చప్పుడే.

కింద రాసినవి పాఠంగా కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకీ, యూట్యూబ్ చూసి గిటార్ పట్టుకున్నవాళ్ళకీ, ఇద్దరికీ పనికొస్తాయి. ఫోన్‌లో ఒక మెట్రోనోమ్ యాప్, వాయిస్ రికార్డర్, మీ రెండు చేతులు, రెండు కాళ్ళు ఉంటే చాలు. స్టూడియో సంగతి చివర్లో చూద్దాం.

ముందు పాటని నడిపించండి

వాద్యాలేవీ లేకుండా ఉత్త గొంతుతో పాటని ఫోన్‌లో రికార్డ్ చేయండి. పొద్దున్నే మన విశాఖ ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు మీదకి బండ్లు రానివ్వని టైం ఉంటుంది కదా, అప్పుడు వెళ్ళి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అది వింటూ నడవండి. సాయంత్రం వద్దు, పల్లీల బండ్లూ జనమూ అడ్డొస్తుంటే నడక లెక్క తప్పుతుంది. మామూలు నడకలో నిమిషానికి సుమారు 100 నుంచి 120 అడుగులు పడతాయి. మీ పాట 90లో ఉంటే కాస్త తాపీగా నడవాలి, అంతే తేడా.

నడుస్తూ ఒక్కటే గమనించండి: ఏ అక్షరం దగ్గర మీ కాలు నేలకి తగులుతోంది? ప్రతి లైన్లోనూ ఒకే చోట తగులుతుంటే పాటకి నడక ఉన్నట్టే. లైను లైనుకీ అడుగు మార్చుకోవాల్సి వస్తుంటే, గొడవ ఎక్కువసార్లు లైను చివర దీర్ఘంలో ఉంటుంది. "ముందుకూ..." అని మూడ్‌ని బట్టి ఒకసారి మూడు దెబ్బలు, ఇంకోసారి మూడున్నర లాగేస్తుంటాం, కట్టినవాళ్ళకి అది ఫీల్‌లాగే అనిపిస్తుంది, డప్పు వాయించేవాడికి మాత్రం నరకం. ఆ దీర్ఘం ఎన్ని దెబ్బలో వేళ్ళ మీద లెక్కపెట్టి రెండో నాలుగో ఖాయం చేసుకోండి. చాలా పాటలకి సగం జబ్బు ఇక్కడే తగ్గిపోతుంది.

మాటల బరువు తూచండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం. తెలుగు పాటకి దరువు డ్రమ్స్ దగ్గర మొదలవదు, మాట దగ్గరే మొదలవుతుంది. స్కూల్లో చదివిన గురువు, లఘువు గుర్తు తెచ్చుకోండి, పరీక్ష టెన్షన్ లేకుండా. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. దీర్ఘం ఉన్నా, సున్నా ఉన్నా, వెనకాల ఒత్తక్షరం ఉన్నా ఆ అక్షరం గురువు. ఇంతకు మించి ఛందస్సు ఇప్పటికి అక్కర్లేదు.

ఒకే భావాన్ని నాలుగు నడకల్లో రాసి చూపిస్తాను. సముద్రం ఇంటి ముందుకొచ్చింది అన్న మాట తీసుకుందాం, విశాఖలో ఉండి పాట కడితే అది ఎలాగూ ఎక్కడో ఒకచోట దూరుతుంది.

మూడేసి మాత్రలు, అంటే తిశ్రం:
సంద్ర / మొచ్చె / నింటి / ముందు

నాలుగేసి మాత్రలు, చతురశ్రం:
సంద్రం / వచ్చెను / వాకిటి / ముందుకు

ఐదేసి మాత్రలు, ఖండం:
సంద్రమే / వచ్చెనే / మాయింటి / ముందుకే

మూడూ నాలుగూ కలిపి ఏడు, మిశ్రం:
సంద్ర / మొచ్చిం / దింటి / ముందుకు
చంద్రు / డొచ్చా / డింటి / మీదికి

గట్టిగా పైకి చదవండి, ప్రతి ముక్క మొదట్లో తొడ మీద ఒక దెబ్బ వేస్తూ. ఏ వాద్యమూ లేకుండానే నాలుగూ నాలుగు రకాలుగా కదులుతున్నాయి. మొదటిది ఊగుతుంది. రెండోది తిన్నగా నడుస్తుంది, అందుకే సినిమా పాటలూ ఊరేగింపు పాటలూ ఎక్కువగా దాని మీదే పడతాయి. మూడోదానిలో ఐదు మాత్రలు ఎక్కువగా మూడు, రెండుగా విరుగుతాయి కాబట్టి ఒక పెద్ద అడుగు, ఒక చిన్న అడుగు వేసినట్టు ఉంటుంది. నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టం. 3, 4, 3, 4 అంటూ సాగే ఈ మిశ్రగతినే గురజాడ అప్పారావు 1910లో ముత్యాలసరాలకి తీసుకున్నాడు. ఏడు మాత్రల లెక్క తెలియని పిల్లలు కూడా ఆ నడకలో రాసిన పాటలు హాయిగా పాడేస్తారు, తాళం పేరు చెబితే మాత్రం భయపడతారు.

మీరు చేయాల్సింది ఇదీ. పల్లవి మొదటి రెండు లైన్లు కాగితం మీద రాసి, ప్రతి అక్షరం మీద 1 గానీ 2 గానీ వేయండి. తర్వాత ట్యూన్‌లో గట్టి దెబ్బ ఎక్కడ పడుతోందో దాని కింద గీత గీయండి. గీత పడిన అక్షరాలు ఎక్కువగా గురువులైతే మాట, దరువు కలిసే నడుస్తున్నాయి. లఘువు మీద గట్టి దెబ్బ పడి పైగా దాన్ని సాగదీయాల్సి వస్తోందంటే పాడేటప్పుడు "వల" కాస్తా "వాల" అయిపోతుంది, "కల" కాస్తా "కాల" అయిపోతుంది. అక్కడ ట్యూన్‌తో కుస్తీ పట్టకండి, మాట మార్చేయండి. "వచ్చెను" తీసి "వచ్చిందీ" పెట్టినా, "వాకిటి" తీసి "ఇంటికి" పెట్టినా కొంపలేమీ మునిగిపోవు. ట్యూన్ ముందు కట్టి మాటలు తర్వాత కూర్చే అలవాటున్నవాళ్ళయితే లాలలా బదులు జతులతో పాడుకుని రికార్డ్ చేసుకోండి, "తకిట తకదిమి తకిట తకదిమి" అని. అప్పుడు మాటలు రాసే మనిషికి ఎక్కడ మూడు కావాలో ఎక్కడ నాలుగు కావాలో వినగానే తెలిసిపోతుంది.

ఒక్క దెబ్బ పక్కకి జరపండి

నిలబడేది దొరికింది, ఇప్పుడు ఆడుకునేదాని పని. అన్నిటికంటే తేలికైనది, దాదాపు ఎప్పుడూ పనిచేసేది ఇది: ఎనిమిది మాత్రల్ని 4+4గా కాకుండా 3+3+2గా కొట్టడం. "తకిట తకిట తక".

కుర్చీలో కూర్చుని కాలితో 1, 3, 5, 7 మీద తట్టండి. చేత్తో 1, 4, 7 మీద చప్పట్లు. ఒకటి దగ్గర రెండూ కలుస్తాయి, నాలుగు దగ్గర చేయి రెండు అడుగుల మధ్య సందులో పడుతుంది, ఏడు దగ్గర మళ్ళీ కలుస్తాయి. ఆ నాలుగోదే మొత్తం మజా. కాలు తట్టడం ఆపేసి చేత్తో మాత్రమే కొట్టి చూడండి, మజా పోతుంది, ఏవో మూడు చప్పట్లు మిగులుతాయి.

అలవాటయ్యాక దీన్ని పదహారుకి సాగదీయండి: తకిట తకిట తకిట తకిట తకదిమి. దెబ్బలు 1, 4, 7, 10, 13 మీద పడతాయి. ఇప్పుడు మన చతురశ్రం లైను "సంద్రం వచ్చెను వాకిటి ముందుకు" దీని మీద పెట్టండి, అదీ సరిగ్గా 16 మాత్రలే. ఒకటో దెబ్బ "సం" మీద, రెండోది "ద్రం" అన్న అక్షరం సాగుతుండగా, మూడోది "చ్చె" మీద, నాలుగోది "వా" అన్న దీర్ఘం మధ్యలో, ఐదోది "ముం" మీద పడతాయి. అంటే ఐదు దెబ్బల్లో మూడు మాటతో కలిశాయి, రెండు మాట సాగుతున్న చోట కింద నుంచి తోశాయి. పాడే మనిషి ఏమీ మార్చక్కర్లేదు, ట్యూన్ అదే, వేగం అదే.

బ్యాండ్‌లో ఈ దెబ్బలు ఎవరికివ్వాలి? గిటార్‌కో, బేస్‌కో, కీబోర్డు ఎడమ చేతికో ఇవ్వండి. కిక్ డ్రమ్‌ని, లేకపోతే ఢోలక్ ఎడమ వైపుని మాత్రం తిన్నగానే ఉంచండి. అందరికీ ఒకేసారి 3+3+2 ఇచ్చేస్తే అదే కొత్త నేల అయిపోతుంది, కాసేపటికి ఎవరికీ ఏమీ అనిపించదు. రిహార్సల్స్‌లో ఎక్కువగా జరిగేది ఇదే, ఒకడికి నచ్చిన దరువు నిమిషంలో నలుగురూ అంటించుకుంటారు.

ఎత్తుగడ మార్చండి

లైను మొదలయ్యే చోటుని ఎత్తుగడ అంటాం. దెబ్బతో పాటే మొదలైతే సమం, తాళం మొదలయ్యాక కాస్త ఆగి అందుకుంటే అనాగతం, తాళం కంటే ముందే వచ్చేస్తే అతీతం. కొత్తగా కట్టేవాళ్ళ పాటల్లో ప్రతి లైనూ సమంలోనే మొదలవుతుంది, అందుకే నాలుగు లైన్లు అయ్యేసరికి లెక్క చదువుతున్నట్టు అనిపిస్తుంది. త్యాగరాజ కీర్తనల్లో దేశాది తాళంలోవి విన్నవాళ్ళకి తెలుసు, మొదటి దెబ్బని ఖాళీగా వదిలేసి కాస్త తర్వాత పాట అందుకోవడంలో ఎంత లాగుడు ఉంటుందో.

మీ పల్లవిలో రెండో లైనుని అర దెబ్బ ఆలస్యంగా అందుకుని చూడండి. ఆ అర దెబ్బలో వాద్యం ఒక్కటే వినబడుతుంది, వినేవాళ్ళు తెలియకుండానే కాస్త ముందుకి వంగుతారు. కానీ లైను చివర మాత్రం ఉన్న చోటే ముగియాలి, అంటే లోపల ఎక్కడో ఒక దీర్ఘాన్ని అంత మేర కుదించాలి. ఇది మర్చిపోతే మూడో లైను దగ్గర బండి పట్టాలు తప్పుతుంది.

రెండో పద్ధతి ముందే రావడం. "సంద్రం వచ్చెను..." ముందు "అదిగో" అని చేర్చండి. అ-ది-గో, నాలుగు మాత్రలు, సరిగ్గా ఒక దెబ్బ. దాన్ని అంతకు ముందు ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఆఖరి దెబ్బలో పాడేస్తే "సం" వచ్చి సమం మీద పడుతుంది. "అదిగో" అన్నప్పుడు వేలు చూపించినట్టు, "సంద్రం" అన్నప్పుడు అది కనబడినట్టు ఉంటుంది. "అరె", "ఓహో", "ఏమో" లాంటి మాటలు జానపదాల్లో ఊరికే రావు, ఎక్కువసార్లు అవి చేసే పని ఇదే.

తీసేయండి

కొత్తవాళ్ళకి అన్నిటికంటే కష్టం ఇది, ఎందుకంటే డ్రమ్ లూప్ పెట్టాక దాన్ని ఆపడానికి మనసొప్పదు. పల్లవి తిరిగి వచ్చే ముందు ఆఖరి ఒక్క దెబ్బలో అన్ని వాద్యాలూ ఆపేయండి. 90 వేగంలో ఒక దెబ్బంటే సెకనులో మూడింట రెండు వంతులు. అంత చిన్న ఖాళీ చాలు. అప్పటిదాకా కాళ్ళు తట్టుకుంటూ వింటున్నవాళ్ళు ఆ దెబ్బని తామే లోపల వేసుకుంటారు, తర్వాత సమం మీద మీరొచ్చి కలిసినప్పుడు అది వాళ్ళ దెబ్బ కూడా అవుతుంది. మొత్తం నాలుగు దెబ్బలు ఆపితే మాత్రం అది వేరే వ్యవహారం, 2.7 సెకన్ల దాకా నిశ్శబ్దం, స్టేజి మీదైతే కరెంటు పోయిందేమో అనుకుంటారు.

జాలరిపేట వైపు తీరంలో అలివి వల లాగేటప్పుడు చూడండి. ఒకరు ఒక మాట అందిస్తారు, మిగతావాళ్ళంతా కలిసి బదులిస్తారు, తాడు కదిలేది ఆ బదులు దగ్గరే. అందించిన మాటకీ బదులుకీ మధ్య ఉన్న సందులో చేతులు తాడు మీద పట్టు మార్చుకుంటాయి. పాటలోనూ అంతే: సోలో గొంతు ఒక లైను పాడి ఆపిన చోట, కోరస్ వెంటనే ఎక్కేయకుండా అర దెబ్బ సందు ఇవ్వండి. ఆ సందులో పట్టు మార్చుకోవడానికి వినేవాళ్ళకీ టైం దొరుకుతుంది.

చరణంలో గతి మార్చండి, మెట్రోనోమ్‌ని ముట్టుకోకుండా

గతి అంటే ఒక్కో దెబ్బలో ఎన్ని అక్షరాలు పడుతున్నాయన్న లెక్క. మెట్రోనోమ్ 80లో పెట్టండి. ఒక్కో దెబ్బకి నాలుగు చొప్పున "తకదిమి" అంటే నిమిషానికి 320 అక్షరాలు పడతాయి. అదే దెబ్బకి మూడు చొప్పున "తకిట" అంటే 240. ఐదు చొప్పున "తకతకిట" అంటే 400. మెట్రోనోమ్ అక్కడే ఉంది, కాలు అక్కడే ఉంది, కానీ మూడులోకి దిగితే పాట ఊపిరి పీల్చుకుంటుంది, ఐదులోకి ఎక్కితే వేడెక్కుతుంది. వేగం పెంచడం అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ముందు ఇది చేసి చూడండి.

పల్లవి జోలికి పోవద్దు, అది ఇల్లు. రెండో చరణంలో నాలుగు లైన్లకి మాత్రం తిశ్రంలోకి వెళ్ళి, చివరి లైనులో మళ్ళీ చతురశ్రంలోకి రండి. మాటలు కూడా దానికి తగ్గట్టు మారాలి. "సంద్రం వచ్చెను వాకిటి ముందుకు" అన్న లైనుని బలవంతంగా తిశ్రంలోకి కుదిస్తే నోరు తిరగదు, "సంద్రమొచ్చెనింటిముందు" అని రాసుకుంటే నాలుగు దెబ్బల్లో సుఖంగా కూర్చుంటుంది. ముందు చేసిన మాత్రల లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది.

సాధన ఇలా: రెండు ఆవర్తనాలు తకదిమి, రెండు ఆవర్తనాలు తకిట, తిరిగి తకదిమి. నోటితోనే చేయండి, వాద్యం పట్టుకోవద్దు. మారే చోట కాలు వేగం మారిపోతుంటే ఇంకా సిద్ధం కానట్టు, అంతే, దానికి కంగారు పడక్కర్లేదు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు రెండు చేతులు, రెండు కాళ్ళతో వేర్వేరు తాళాలు వేసేవాడని చెప్పుకుంటారు, లయబ్రహ్మ అన్న పేరు ఊరికే రాలేదు. మనకి అంత అక్కర్లేదు, కాలు ఒకటి, నోరు ఒకటి సరిపోతాయి.

ఖండం గురించి ఒక మాట. ఐదు మాత్రల లెక్క నేర్చుకున్న ఉత్సాహంలో పాటంతా అందులోనే కట్టేద్దామనిపిస్తుంది. కట్టొచ్చు, కానీ కాలేజీ ఫెస్ట్‌లో జనం చప్పట్లు కొడుతూ పాడాలి అనుకుంటే నాలుగులో ఉంచి, ఇంటర్లూడ్‌లో మాత్రం ఐదు రుచి చూపించడం మేలు. చప్పట్లు కొట్టేవాళ్ళు ఐదుతో ఎక్కువసేపు సర్దుకోలేరు, వాళ్ళ చేతులు నాలుగుకే తిరిగొస్తాయి, మీ బ్యాండ్ కూడా వాళ్ళ వెనకే పోతుంది.

తీర్మానంతో దింపండి

ఒక చిన్న ముక్కని మూడుసార్లు చెప్పి సమం మీదకి దింపడం మన దగ్గర పాత విద్య, తీర్మానమనో ముక్తాయి అనో అంటారు. సినిమా బీజీఎంలోనూ, రాక్ పాటలోనూ హాయిగా పనిచేస్తుంది. లెక్క చిన్నదే: ముక్క పొడవు మూడుసార్లు, మధ్య ఖాళీ రెండుసార్లు, మొత్తం మీ దగ్గరున్న మాత్రలకి సరిపోవాలి.

నాలుగు దెబ్బలు ఉన్నాయనుకోండి, అంటే 16 మాత్రలు. ముక్క 4, ఖాళీ 2 పెడితే 4+2+4+2+4, సరిగ్గా 16. "తకదిమి - - తకదిమి - - తకదిమి", వెంటనే పల్లవి. మొదటి తకదిమి ఒకటో దెబ్బ మీద తిన్నగా మొదలవుతుంది. రెండోది ఏడో మాత్రలో, అంటే రెండో దెబ్బ నడిమధ్యలో మొదలై వినేవాళ్ళని కాస్త తడబెడుతుంది. మూడోది పదమూడులో, నాలుగో దెబ్బ మీద తిరిగి తిన్నగా పడుతుంది, అక్కడికి అందరికీ ఊరట. ఎనిమిది దెబ్బల ఆది తాళం ఆవర్తనంలో చివరి నాలుగు దెబ్బలు, అంటే రెండేసి దెబ్బల రెండు ద్రుతాలు, దీనికి సరిగ్గా సరిపోతాయి. మొత్తం ఆవర్తనం వాడాలంటే 32 మాత్రలు: ముక్క 8, ఖాళీ 4. లేదా ముక్క 10, ఖాళీ 1, ఇది కొంచెం గడుసుగా ఉంటుంది.

గిటార్ రిఫ్‌తోనో, కోరస్ గొంతులతోనో కూడా ఇది వేయొచ్చు, డ్రమ్స్‌తోనే వేయాలని రూలేమీ లేదు. పాట మొత్తంలో రెండుసార్లకి మించి వాడకండి. మూడోసారికి అందరూ ముందే కనిపెట్టేస్తారు.

ఇక కంప్యూటర్ ముందు

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గ్యారేజ్‌బ్యాండ్ అయినా, ఎఫ్ఎల్ స్టూడియో అయినా, రీపర్ అయినా పద్ధతి ఒకటే. కిక్‌ని, తాళాలనో షేకర్‌నో గ్రిడ్ మీద గట్టిగా నిలబెట్టండి, క్వాంటైజ్ (దెబ్బల్ని గ్రిడ్ గీతల మీదకి లాగే ఆప్షన్) పూర్తిగా వేసేయండి. అవి మన గజ్జెలు. మిగతావాటికి మాత్రం క్వాంటైజ్ నూటికి నూరు వేయకండి, సగం దాకా లాగి వదిలేయండి. స్నేర్‌ని పది, పదిహేను మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే పాట కాస్త వాలి కూర్చున్నట్టు ఉంటుంది. ఒకటి విడిచి ఒక చిన్న దెబ్బని వెనక్కి జరిపే స్వింగ్ ఆప్షన్‌లో 50 అంటే తిన్నగా, 66 అంటే దాదాపు తిశ్రం. 54 నుంచి 58 మధ్యలో తిప్పుతూ వినండి, మన ఢోలక్ లూప్‌లకి ఆ మధ్యలోనే ఎక్కడో సరైన చోటు దొరుకుతుంది.

వేగం, చోటు అయ్యాక మూడోది బరువు. షేకర్ దెబ్బలన్నీ ఒకే వాల్యూమ్‌లో ఉంటే ఎంత మంచి దరువైనా కుట్టుమిషన్ చప్పుడే. వెలాసిటీని, అంటే దెబ్బ ఎంత గట్టిగా పడాలన్న అంకెని, నాలుగేసి దెబ్బలకి 100, 60, 80, 60 అని మార్చి చూడండి. 3+3+2 వాడుతుంటే బరువు కూడా 1, 4, 7 మీదే పెట్టండి.

అసలు డప్పుని పట్టుకొచ్చి రికార్డ్ చేసే అవకాశం ఉంటే లూప్ జోలికి వెళ్ళొద్దు. ఒక్క జాగ్రత్త, మన ఊరి గాలిలో తేమకి తోలు వదులైపోతుంది, మొదటి టేక్‌కీ ఐదో టేక్‌కీ డప్పు గొంతు మారిపోతుంది. మంట దగ్గర కాచి బిగువు తెచ్చుకుని, ముఖ్యమైన టేక్‌లు ముందే తీసేయండి. వాయించే ఆయనకి హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ ఒక్కటే వినిపిస్తే బిగుసుకుపోతాడు, క్లిక్ తగ్గించి పాడే గొంతుని గట్టిగా వినిపించండి.

ఇవన్నీ ఒకే పాటలో పెట్టేయకండి. పల్లవికి జరిపిన దెబ్బ, రెండో చరణానికి గతి మార్పు, చివర్లో ఒక తీర్మానం, ఇది చాలు నాలుగు నిమిషాల పాటకి. ఏది పెట్టినా మళ్ళీ ఫోన్‌లో వేసుకుని నడిచి చూడండి. అడుగు తప్పకుండా ఉంటూ భుజాలు కదిలితే కుదిరినట్టు. అడుగే తప్పుతుంటే ఆఖరున చేర్చిన దాన్ని తీసేయండి, ఎంత నచ్చినా సరే.

స్టేజి మీద వాయించే పాటైతే ఇంకొక్క పని మిగిలింది. మైకు ముందు నిలబడ్డాక టెన్షన్‌లో అందరికీ వేగం పెరుగుతుంది, ఇంట్లో 96లో కుదిరిన పాట అక్కడ తెలియకుండా 102కి పోతుంది, ఐదేసి మాత్రల బిట్ ఉంటే వేళ్ళు అందుకోలేవు. అందుకే మొదటి లెక్క ఇచ్చే మనిషిని ముందే ఖాయం చేసుకోండి, ఒక్కడే ఉండాలి. మెట్రోనోమ్‌ని సౌండ్ ఆపేసి లైటు వెలిగేలా పెట్టి డ్రమ్మర్ కాలి దగ్గర ఉంచండి, లెక్క ఇచ్చే ముందు ఆ లైటుని నాలుగు దెబ్బలు చూసి, పల్లవి మొదటి లైను మనసులో ఒకసారి పాడుకుని, అప్పుడు "ఒకటి, రెండు" అనమనండి.